పాత లారీ క్యాబిన్‌పై వెలిసిన, పెచ్చులూడిన రంగును బాగుచేయడం ఎలా?

ఎనిమిదేళ్లు దాటిన లారీకి ఏటా రవాణా శాఖ ఫిట్‌నెస్ పరీక్ష చేయించాలి. ఆ తేదీ దగ్గరపడగానే పాత రంగు మీద దుమ్ము తుడిచి, ఒక పూత కొట్టించి తీసుకెళ్లడం చాలామందికి అలవాటు. అలా వేసిన రంగు ఒక వానాకాలం నిలిస్తే గొప్ప. కింద పట్టు లేని పొర మీద ఎంత ఖరీదైన రంగు వేసినా ఆ పొరతో పాటే అదీ ఊడివస్తుంది. కాబట్టి రంగు డబ్బా కొనేముందు ఏ పొర చెడిందో తేల్చుకోవాలి. చెడిన పొర వరకే తీసి, గట్టిగా ఉన్నదాన్ని ముట్టుకోకుండా వదిలేస్తే ఖర్చూ శ్రమా రెండూ తగ్గుతాయి.

ఇక్కడ చెప్పేది టాటా 407 లాంటి లారీల ఇనుప క్యాబిన్ గురించి. 1986లో వచ్చిన ఈ బండ్లు మన ఊళ్లలో ఇప్పటికీ కూరగాయలు, ఇటుకలు, సిమెంటు మోస్తూనే ఉన్నాయి. పికప్ వ్యాన్లకూ పద్ధతి ఇదే.

ఏ పొర చెడిందో చూడండి

బండిని శుభ్రంగా కడిగి ఆరబెట్టండి. తెల్లని నూలుగుడ్డకు కాస్త పాలిష్ అద్ది, బానెట్ మీద ఒక మూల రుద్దండి. గుడ్డకు బండి రంగు అంటితే అది ఒకే పొరగా వేసిన రంగు. రంగు అంటకపోతే పైన పారదర్శకమైన క్లియర్ పూత ఉన్నట్టు లెక్క.

ఒకే పొర రంగు వెలిసిపోయి, చేత్తో తడిమితే సున్నంలా పొడి రాలుతుంటే భయపడనక్కర్లేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పైపైన ఉన్న జిగురు పదార్థాన్ని విరగ్గొట్టడంతో రంగు రేణువులు విడిపోయి పొడిగా తేలాయి. ఆ పైపొరను రుద్ది తీసేస్తే కింద అసలు రంగు బయటపడుతుంది. దీనికి పాలిష్ చాలు.

క్లియర్ పూత తెల్లబారి, అంచుల దగ్గర పలచని పెచ్చులుగా లేస్తుంటే మాత్రం పాలిష్ పనిచేయదు. లేచిన క్లియర్‌ను తిరిగి అతికించే మందు ఏదీ లేదు. ఊడిన చోట మాత్రమే కొత్త క్లియర్ వేస్తే, పక్కనున్న పాత అంచు కొద్ది నెలల్లో మళ్లీ లేస్తుంది. ఆ డోరు లేదా ఆ బానెట్ మొత్తానికి పని చేయాల్సిందే.

ఇక రంగు కింద పొక్కులు కనిపిస్తే స్క్రూడ్రైవర్ మొనతో ఒకదాన్ని గిల్లి చూడండి. ఎర్రటి పొడి వస్తే లోపల తుప్పు ఉంది. 407 లాంటి క్యాబిన్‌లో వెతకాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి: డోరు కింది అంచు, ముందు అద్దం రబ్బరు చుట్టూ, పైకప్పు పక్కన వాననీరు జారే గాడి, చక్రాల పైన మడ్‌గార్డు మడత, ఫుట్‌బోర్డు మూల. కైకలూరు, భీమవరం వైపు చేపల లోడు తిప్పే బండ్లయితే వెనక బాడీ కూడా చూడాలి. ఐసు నీళ్లు కారి కారి అక్కడి ఇనుము ఎప్పుడూ తడిగానే ఉంటుంది. విశాఖ, కాకినాడ తీరంలో ఉప్పుగాలి ఆ పని ఇంకా తొందరగా చేస్తుంది.

స్క్రూడ్రైవర్ లోపలికి దిగిపోయిందంటే అక్కడ రేకు మిగల్లేదు. ఆ చోటు టింకరింగ్ మేస్త్రీకి వదిలేయండి. కుళ్లిన రేకు కోసి, కొత్త ముక్క వెల్డింగ్ చేశాకే రంగు సంగతి. చిల్లును లప్పంతో పూడ్చడం కొనేవాళ్లను మోసం చేయడానికి పనికొస్తుంది గానీ బండికి పనికిరాదు.

పాత రంగు ఏ జాతిదో థిన్నర్ చెబుతుంది

ఈ చిన్న పరీక్షను ఎక్కువమంది వదిలేస్తారు. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌లో తడిపిన గుడ్డను కనబడని చోట ఒకటి రెండు నిమిషాలు అదిమి ఉంచండి. రంగు కరిగి గుడ్డకు అంటితే అది డ్యూకో రకం, అంటే థిన్నర్ ఆవిరై ఆరే నైట్రోసెల్యులోజ్ రంగు. ముడతలు పడితే ఎవరో మధ్యలో వేసిన సింథటిక్ ఎనామెల్. ఏమీ కాకపోతే కంపెనీలో కాల్చిన రంగు, లేదా హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) కలిపి వేసిన పీయూ (పాలీయూరిథేన్) రంగు.

దీన్నిబట్టే పైన ఏది వేయాలో తేలుతుంది. సింథటిక్ ఎనామెల్ మీద డ్యూకో గానీ పీయూ గానీ నేరుగా వేస్తే, వాటిలోని ఘాటైన ద్రావకం కింది పొరను ఉబ్బించి ముడతలు లేపుతుంది. అలాంటప్పుడు రెండే దారులు: పాత ఎనామెల్‌ను పూర్తిగా గీకేయడం, లేదా పైన కూడా ఎనామెలే వేయడం. గట్టిపడిన పీయూ మీద, దాన్ని గరుకు చేశాక, ఎనామెల్ నిరభ్యంతరంగా వేయవచ్చు.

రోజూ కిరాయికి తిరిగే బండికి, ముఖ్యంగా వెనక బాడీకి, సింథటిక్ ఎనామెలే నయమని నా అభిప్రాయం. మెరుపు తొందరగా తగ్గుతుంది, నిజమే. కానీ చవక. బ్రష్షుతోనో ఫోము రోలర్‌తోనో వేసుకోవచ్చు, గీత పడితే మళ్లీ అద్దుకోవచ్చు. క్యాబిన్ బాగా కనిపించాలంటే, స్ప్రే చేసే వసతి ఉంటే, పీయూ పెట్టండి.

వెలిసిన రంగుకు మాత్రమే అయితే

బట్టల సబ్బుపొడి కాకుండా వాహనాల షాంపూతో కడగండి. నీడలో, రేకు చల్లబడ్డాక, రబ్బింగ్ కాంపౌండ్‌తో ఒక్కో జానెడు చోటు చొప్పున రుద్దండి. మరీ మొండిగా ఉంటే ముందు 2000 నంబరు వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) నీళ్లు పోస్తూ తేలిగ్గా తిప్పి, ఆ తర్వాత కాంపౌండ్ పట్టించండి. డోరు అంచులు, మడతలు, గీతల మీద రంగు సహజంగానే పలచగా ఉంటుంది. అక్కడ పాలిష్ మిషన్ ఆనిస్తే క్షణాల్లో ప్రైమర్ (రంగు కింద వేసే పూత) తేలుతుంది. చివర మైనం పాలిష్ పెట్టండి, కొన్ని నెలలకోసారి మళ్లీ పెడుతూ ఉండండి. మైనం మానేస్తే పొడి మళ్లీ మొదలవుతుంది. ఈ పనికి ఒక పూట చాలు, కింది పనులేవీ అక్కర్లేదు.

పెచ్చులూడితే: గీకడం

పనిలో ముప్పాతిక భాగం ఇదే. పాత లారీల పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇళ్ల రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు (పది లక్షల భాగాల్లో 90) పరిమితం చేస్తూ 2016లో ప్రకటించిన నిబంధనలు 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చాయి. అవి ఇళ్ల రంగులకు, అలంకరణ రంగులకే వర్తిస్తాయి. వాహనాల రంగులు వాటి కిందికి రావు. అందుకే పాత రంగును పొడిగా రుద్దకండి. నీళ్లు పోస్తూ వాటర్ పేపర్‌తో రుద్దండి. ముక్కుకు దుమ్ము ఆపే మంచి మాస్కు పెట్టుకోండి. పిల్లలు ఆడుకునే వాకిట్లో ఈ పని పెట్టుకోవద్దు. రాలిన పెచ్చులను గోనెపట్టా మీద పోగుచేసి తీసేయండి.

మొదట స్క్రాపర్‌తో లేచిన పెచ్చులన్నీ గీకండి. తేలిగ్గా వచ్చేదంతా రానివ్వండి, ఎంతవరకు వస్తుందో అంతవరకూ. తర్వాత 80 లేదా 120 నంబరు కాగితంతో ఆ చోటు అంచులను వాలుగా తీయండి. పని సరిగా జరిగితే ఇనుము, ప్రైమర్, రంగు, క్లియర్ వరుసగా ఒకదాని చుట్టూ ఒకటి వెడల్పాటి వలయాలుగా కనిపిస్తాయి. కళ్లు మూసుకుని వేలితో అడ్డంగా నిమరండి. గట్టు తగిలితే ఇంకా రుద్దాలి. కంటికి కనబడని గట్టు కూడా మెరిసే రంగు పడ్డాక ఎండలో గీతలా తేలుతుంది. ఆ పైన 180, 320 నంబర్లతో ఆ భాగాన్నీ, మిగిలిన డోరు మొత్తాన్నీ మెరుపు చచ్చేదాకా రుద్దండి. మెరుపు మిగిలిన చోట కొత్త రంగు పట్టదు.

తుప్పు ఉన్నచోట వైరు బ్రష్షుతో మెరిసే ఇనుము కనబడేదాకా తీయండి. గుంటల్లో మిగిలిన తుప్పుకు, దాన్ని నల్లగా మార్చి ఆపే రస్ట్ కన్వర్టర్ దొరుకుతుంది. డబ్బా మీద రాసినంతసేపు ఆరనివ్వాలి. అయితే ఊడే తుప్పును బ్రష్షుతో తీయకుండా దాని మీద పూస్తే ఫలితం ఉండదు. ఇనుము బయటపడ్డాక ఆలస్యం వద్దు. మన ఉక్క గాలిలో రాత్రికి రాత్రే ఎర్రటి పొర కడుతుంది. ఆరోజు ఎంత గీకగలరో అంతే గీకి, సాయంత్రానికల్లా ప్రైమర్ వేసేయండి.

గీకేముందు ఫోనులో అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి పెట్టుకోండి. యజమాని పేరు, పిల్లల పేర్లు, వెనక తామరపువ్వు, దాని పక్కన రాయించుకున్న మాట, ఏది ఎక్కడ ఎంత సైజులో ఉందో తర్వాత గుర్తుండదు. ఆ అక్షరాలు రాసిన ఆర్టిస్టు ఇప్పుడు దొరక్కపోవచ్చు కూడా.

ప్రైమర్, లప్పం

ఇనుము కనిపించే చోట పీయూ వేసేట్టయితే ఎపాక్సీ ప్రైమర్, ఎనామెల్ వేసేట్టయితే రెడాక్సైడ్ ప్రైమర్ చాలు. దానికి ముందు గ్రీజు, మైనం తుడిచే ద్రావకంతో రెండు గుడ్డలు వాడండి, ఒకటి తడిపి రుద్దడానికి, రెండోది వెంటనే పొడిగా తుడవడానికి. పెట్రోలు, కిరోసిన్ వద్దు, అవి జిడ్డు మిగులుస్తాయి. డ్యాష్‌బోర్డుకు పూసే సిలికాన్ పాలిష్ క్యాబిన్ మీద పడి ఉంటే, కొత్త రంగు అక్కడ చిన్నచిన్న గుంటలుగా విడిపోతుంది. రంగు పడ్డాక దానికి మందు లేదు, మళ్లీ రుద్దాల్సిందే.

సొట్టలు, గుంటలు ఎపాక్సీ ఆరాక లప్పంతో పూడ్చండి. హార్డెనర్ బరువులో సుమారు రెండు శాతమే కలపాలి. ఎండాకాలం ఇంకాస్త తక్కువైనా పర్వాలేదు, లేకుంటే పలక మీదే గట్టిపడుతుంది. ఎక్కువైతే పై రంగులోంచి మరకలు తేలతాయి. మూడు మిల్లీమీటర్లకు మించి మందం వేయాల్సి వస్తే ముందు సుత్తి పని చేయించండి. పాత రంగుకు చెప్పిన సూత్రం ఇక్కడ తిరగబడుతుంది. లప్పం నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి దాన్ని పొడిగానే రుద్దాలి, మాస్కు మాత్రం తీయకూడదు.

దాని మీద రెండు మూడు పూతల ప్రైమర్ వేసి, పూర్తిగా ఆరాక 400, తర్వాత 600 నంబరు వాటర్ పేపర్‌తో నున్నగా చేయండి.

రంగు

రంగు కోడ్ క్యాబిన్‌లోని ప్లేటు మీద ఉంటే రాసుకోండి. కానీ కోడ్ ప్రకారం కలిపిన రంగు కొత్త బండి రంగు. మీ బండి పదేళ్లు ఎండలో మాడిన రంగు. అందుకే పాలిష్ పెట్టిన చిన్న విడిభాగాన్ని, డీజిల్ ట్యాంకు మూతనో అద్దం కవర్‌నో, దుకాణానికి తీసుకెళ్లి దానికి సరిపోల్చి కలిపించుకోండి. మధ్యలో ఎక్కడో ఆపకుండా, డోరు అంచు లేదా రేకు మడత దాకా పూర్తి ముక్కకు వేస్తే తేడా కంటికి పెద్దగా ఆనదు. రంగునే మార్చాలనుకుంటే, ఆర్‌సీలో రంగు నమోదై ఉంటుంది కాబట్టి ముందు రవాణా శాఖలో అనుమతి సంగతి చూసుకోండి.

అద్దాలు, లైట్లు, రబ్బరులు, మెరిసే టేపులు మాస్కింగ్ టేపుతో కప్పండి. ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు టేపుల మీద రంగు పడితే రాత్రి వెలగవు, ఫిట్‌నెస్‌లోనూ ఆపేస్తారు. చాసిస్ నంబరు చెక్కిన చోటును లప్పంతో గానీ మందపాటి రంగుతో గానీ కప్పేయకండి. దాని పెన్సిల్ ప్రింట్ (కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసే నకలు) అవసరమైనప్పుడు అక్షరాలు తేలక ఇబ్బంది పడతారు.

స్ప్రే అయితే 1.3 లేదా 1.4 మిల్లీమీటర్ల ముక్కు ఉన్న గన్ను, రేకుకు ఒక జానెడు దూరంలో, దూరం మారకుండా పక్కకు నడుపుతూ కొట్టండి. ప్రతి వరుసా ముందు వరుసలో సగాన్ని కప్పాలి. మొదటి పూత పలచగా, పూర్తిగా కప్పకపోయినా సరే. పది పదిహేను నిమిషాలు ఆగి రెండోది, అవసరమైతే మూడోది. ఒకేసారి నిండుగా కప్పాలని చూస్తే రంగు కన్నీళ్లలా జారుతుంది. వేసవి మధ్యాహ్నం రేకు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, అప్పుడు వేస్తే పడకముందే ఆరి గరుకుగా వస్తుంది. ఉదయం మంచు ఆరాక మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించండి. ముసురు రోజుల్లో అసలు పెట్టుకోవద్దు.

పీయూ హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి. వాటి తుంపర పీల్చితే జీవితాంతం వదలని ఉబ్బసం రావచ్చు. ముక్కుకు రుమాలు, కరోనా నాటి మాస్కు ఇక్కడ పనికిరావు. బయటి నుంచి గాలి అందించే మాస్కు ఉన్న షెడ్డులోనే ఆ పని జరగాలి. అది లేకపోతే గీకడం, లప్పం, ప్రైమర్ రుద్దడం దాకా మీరు చేసుకుని, స్ప్రే మాత్రం షెడ్డులో చేయించండి. మేస్త్రీ కూలిలో ఎక్కువ భాగం రుద్దే పనికే పోతుంది కాబట్టి ఇలా చేసినా బాగానే మిగులుతుంది.

రంగు పైకి ఆరినట్టు కనబడినా లోపల గట్టిపడటానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి నెల ప్రెషర్ వాషింగ్‌కు ఇవ్వకండి, మైనం పెట్టకండి, టార్పాలిన్ తాళ్లు క్యాబిన్ మీదుగా బిగించకండి. పిట్టల రెట్ట పడితే వెంటనే మంచినీళ్లతో కడిగేయండి. అక్షరాలు రాయించడం, కొత్త టేపులు అంటించడం ఆ తర్వాత పెట్టుకోండి.