పదో తరగతి దాటాక – 4వ పాఠం: ఒంటరిగా బస్సు ప్రయాణం

పిల్లలు సొంతంగా చేసుకునే పనులు, మనం చేసిపెట్టే పనులు విడివిడిగా రాయమని గత పాఠంలో చెప్పాను. ఆ రెండో జాబితాలో ప్రయాణం తప్పకుండా ఉంటుంది. మేధో వైకల్యం ఉన్న పిల్లలను పదో తరగతిలో కూడా ఎవరో ఒకరు బడికి దింపి, తీసుకువస్తూ ఉంటారు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 40 శాతం, ఆపై వైకల్యం ఉన్నవారికి ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం కేటాయించింది. ఆ సీటు దాకా చేరాలంటే బస్సు ఎక్కడం రావాలి. అందుకే ఉపాధ్యాయులు, ఐఈఆర్పీలు (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బడిలో బోధించే సిబ్బంది), తల్లిదండ్రులు కలిసి తొమ్మిదో తరగతిలోనే ఇది మొదలుపెట్టాలి.

తెలంగాణలో పదో తరగతి అమ్మాయి బడి నుంచి ఇంటికి వచ్చే దారిని తీసుకుందాం. ముందు మీరొక్కరే ఆ బస్సులో వెళ్లి, చేసిన ప్రతి పనినీ రాసుకోండి. స్టాపులో నిలబడటం, బోర్డు చూసి బస్సును గుర్తుపట్టడం, ఎక్కడం, టికెట్ తీసుకోవడం, స్టాపు రాకముందే లేచి తలుపు దగ్గరకు రావడం, దిగడం, ఇంటికి నడవడం.

ఇప్పుడు చివరి పని నుంచి నేర్పండి. మొదట్లో అన్నీ మీ సాయంతోనే జరగనివ్వండి, స్టాపు నుంచి ఇంటికి మాత్రం ఆమె ముందు నడవాలి, మీరు వెనుక ఉండాలి. అది కుదిరాక దిగడం, ఆ తరువాత లేచి రావడం. ఇలా వెనక్కి వెళితే ప్రతిరోజూ ఆమె సొంతంగా చేసిన పనితోనే ప్రయాణం ముగుస్తుంది. మొదటి మెట్టు నుంచి నేర్పితే ఆ తృప్తి చాలాకాలం దక్కదు.

సాయం తగ్గించడమే అసలు కష్టం. మాటతో చెప్పే ముందు మనసులో ఐదు లెక్కపెట్టండి. అప్పటికీ కదలకపోతే చేత్తో చూపండి, ఆ తరువాతే మాట. తోటి విద్యార్థిని అదే బస్సులో వస్తుంటే చాలా మంచిది, కానీ చెయ్యి పట్టుకుని నడిపించవద్దని ఆమెకు ముందే చెప్పండి.

టికెట్ దగ్గర ఒక చిక్కు ఉంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి ప్రయాణం ఉచితం. అయినా డబ్బు కట్టనక్కరలేని జీరో టికెట్ తీసుకోవాలి. డబ్బులిచ్చి టికెట్ తీసుకోవడం తరగతిలో నేర్చుకున్న పిల్ల ఇక్కడ తికమకపడుతుంది. కాబట్టి ఆధార్ కార్డు చూపించి ఊరి పేరు చెప్పడం, టికెట్ దిగేదాకా దాచుకోవడం తరగతిలోనే కండక్టరు పాత్ర మీరు వేసి సాధన చేయించండి.

తల్లుల భయం న్యాయమైనదే. దారి తప్పితే? ఆడపిల్ల కదా? ఆ భయానికి జవాబు కూడా సాధనలోనే ఉంది. ఆమెకు ముందే చెప్పి, కావాలనే ఒక స్టాపు దాటి దిగండి. పక్కన నిలబడి, ఇంటికి ఫోను చేయడం, ఫోను లేకపోతే పేరు, నంబరు రాసిన కార్డు కండక్టరుకో, దుకాణంలో ఉన్నవారికో చూపడం చేయించండి. కార్డు ఎవరికి చూపాలో, ఎవరికి చూపకూడదో కూడా విడిగా చెప్పాలి.

ఈ వారం అభ్యాసం: మీ దారిలోని పనులను వరుసగా రాసి, ఒక్కొక్కదాని ఎదురుగా ‘సొంతంగా’, ‘సైగతో’, ‘మాటతో’ అని రోజూ నమోదు చేయండి. వరుసగా మూడు రోజులు ‘సొంతంగా’ వచ్చాకే దానికి ముందున్న పనికి వెళ్లండి. వచ్చే పాఠం బ్యాంకు ఖాతా గురించి.