మృగశిర రాకముందే బట్టల సంగతి చూసుకోండి

కుట్టుపని చేసేవాళ్ల ఇళ్లలోనూ, ఇంట్లోనే చీరలు అమ్మేవాళ్ల ఇళ్లలోనూ బట్ట ఎలా పోగవుతుందో తెలిసిందే. మన విజయవాడ వన్‌టౌన్‌లోని వస్త్రలత బట్టల మార్కెట్‌కు వెళ్లినప్పుడల్లా కొన్ని కట్ పీస్‌లు, మంగళగిరి నుంచి డ్రెస్ మెటీరియల్స్, పెళ్లిళ్లలో పెట్టిన జాకెట్ ముక్కలు, ఎప్పటికైనా పనికొస్తాయని దాచిన లైనింగ్ బిట్లు. బీరువా నిండి, దివాన్ నిండి, చివరికి అటక ఎక్కుతాయి. తొలకరి పడ్డాక రెండు మూడు నెలలు ఆ తలుపులు తీయకపోతే ముక్కవాసన, బూజు చుక్కలు, మడత దగ్గర చిరుగులు. పురుగుకంటే ముందు భయపడాల్సింది చెమ్మకి. చెమ్మ లేనిచోట సగం సమస్యలు రావు.

మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీల్లో మొదలవుతుంది. అంతకుముందు రోహిణి కార్తె ఎండల్లోనే ఈ పని ముగించాలి. బట్టలన్నీ బయటికి తీసి, మడతలు విప్పి గాలికి ఆరబెట్టండి. పట్టు, రంగు దిగే బట్టలు నేరుగా ఎండలో వద్దు, వెలిసిపోతాయి. వరండా నీడలోనో, ఫ్యాను కిందో చాలు. ఒక్కరోజులో అయ్యే పని కాదు కాబట్టి రోజుకో అర చొప్పున పెట్టుకోండి, టెన్షన్ ఉండదు. ఆరిన బట్టను వేడిమీదే బీరువాలో కుక్కకుండా చల్లారనిచ్చి మడవండి.

బీరువా ఎక్కడుందో కూడా చూడాలి. బాత్రూమ్ గోడకు ఆనుకుని ఉంటే వెంటనే జరపండి. ఏ గోడకైనా మూడు నాలుగు అంగుళాల దూరం ఉంచితే వెనక గాలి ఆడుతుంది. పైన డాబా ఉన్న అటకమీద ఖరీదైన బట్టలు పెట్టొద్దు. స్లాబు ఎక్కడ కారుతుందో మొదటి పెద్ద వానకి గానీ తెలియదు. అట్టపెట్టెలు నేలమీద పెడితే చెదలకు పిలిచి భోజనం పెట్టినట్టే. బట్టలున్న గదిలో ఇన్వర్టర్ బ్యాటరీ, దోమల చుట్ట, దీపం వద్దు. ఇంత బట్ట ఒకచోట ఉన్నప్పుడు నిప్పురవ్వ చాలు.

గంజి పెట్టిన నూలు బట్టల్ని అలాగే నెలల తరబడి దాచకండి. వెండిరంగులో మెరుస్తూ పరుగెత్తే సిల్వర్‌ఫిష్ పురుగుకు గంజి అంటే ప్రాణం. మంగళగిరి నూలు చీరలు గంజి పోయేలా ఉతికి, ఆరబెట్టి దాచి, కట్టుకునే ముందు గంజి పెట్టుకోవచ్చు. పట్టు, ఉన్ని తినే పురుగులు వేరు. అవి చెమట, నూనె మరకలున్న చోటికి ముందు చేరతాయి. అందుకే ఒక్కసారి కట్టిన పట్టుచీరనైనా శుభ్రం చేయకుండా లోపల పెట్టొద్దు.

జరీ చీరలకు ఇంకొంచెం శ్రద్ధ కావాలి. అసలు జరీలో వెండి ఉంటుంది, గంధకం తగిలితే నల్లబడుతుంది. చీరల కట్టకు వేసే రబ్బరు బ్యాండులోనూ గంధకం ఉంటుంది కాబట్టి నూలు నాడాతో కట్టండి. గుండుసూదులు, పిన్నీసులు తుప్పు మరక వదులుతాయి. మీటర్లు రాసిన చీటీని దారంతో కుట్టేయండి. అరల్లో న్యూస్‌పేపర్ పరిచే అలవాటు మన ఇళ్లలో చాలా పాతది, కానీ సిరా అంటుతుంది, ఆ కాగితం తగిలిన చోట బట్ట పసుపెక్కుతుంది. ఉతికిన పాత పంచె పరవండి, చీర కూడా దానిలోనే చుట్టండి. మూడు నెలలకోసారి మడత మార్చి వేయండి. ఒకే గీతమీద ఏళ్లు గడిస్తే జరీ అక్కడే తెగుతుంది.

కలరా ఉండల (నాఫ్తలీన్ బిళ్లల) గురించి గట్టిగా చెప్పాలి. బట్టకు తగిలేలా వేయకూడదు, పిల్లలు బిళ్లలనుకుని నోట్లో పెట్టుకుంటారు. పొత్తిళ్లకని దాచే మెత్తటి పాత నూలు చీరల్లో అసలే వేయొద్దు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపంతో పుట్టిన పసిబిడ్డకు నాఫ్తలీన్ వాసన పట్టిన బట్ట చుడితే రక్తకణాలు విరిగి, కామెర్లు ముదిరే ప్రమాదం ఉంది. బిడ్డకు ఆ లోపం ఉందో లేదో చాలా ఇళ్లలో ముందుగా తెలియదు. బాగా ఎండిన వేపాకు, లవంగాలు చిన్న నూలు సంచిలో కట్టి అర మూలన పెట్టుకోవచ్చు. పచ్చి ఆకు వేస్తే అదే చెమ్మ. వీటి వాసన పురుగును కొంత దూరం పెడుతుందే తప్ప చంపదు, కాబట్టి నెలకోసారి తలుపు తీసి చూడాల్సిందే.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట వైపు ఇళ్లు మునిగాక, ఏ బట్ట ఎంత ఎత్తులో ఉందన్నది మన ఊళ్లో చిన్న విషయం కాదు. కింది అంతస్తు వాళ్లు దివాన్‌లో పట్టుచీరలు పెట్టకండి, నీళ్లు ముందు తాకేది దాన్నే. పై అరల్లో విలువైనవి, కింద పాత దుప్పట్లు ఉండాలి. వరద హెచ్చరిక వస్తే పూర్తిగా పొడిగా ఉన్న బట్టల్ని మందపాటి ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టి, మూతకు టేపు వేసి, మేడపైకి చేర్చండి. ఇది ఆ కొద్దిరోజులకే. ఏడాది పొడుగునా ప్లాస్టిక్ కవర్లలో ఉంచితే లోపలి తేమ బయటికి పోదు. ప్రతి అరనీ ఫోన్‌లో ఫొటో తీసిపెట్టుకుంటే ఏం పోయిందో తేలికగా లెక్క తేలుతుంది.

ఒకవేళ తడిస్తే మూట కట్టి మూలన పడేయకండి. రంగులు ఒకదానికొకటి అంటుకుంటాయి, ఒకటి రెండు రోజుల్లో బూజు మొదలవుతుంది. ముదురు రంగులు వెంటనే వేరుచేసి, బురద ఎండకముందే మంచినీళ్లలో జాడించి, నీడలో విడివిడిగా పరవండి. పట్టును పిండకండి, పాత తువ్వాలులో చుట్టి నీరు అద్దండి. బూజు పట్టినవి ఇంట్లో దులపొద్దు. మాస్కు పెట్టుకుని, డాబామీద బాగా ఆరాక మెత్తటి బ్రష్‌తో దులిపి, అప్పుడు ఉతకండి.