ప్రేయర్‌లో ప్రతిజ్ఞ చెప్పించే ముందు: బిడియపడే పిల్లలకు జాగ్రత్తలు

రేపు అసెంబ్లీలో నీ వంతా? ఈ రాత్రే ఇవి చూసుకో.

• ప్రతిజ్ఞ నోటికి వచ్చినా సరే, పాఠ్యపుస్తకం మొదటి పేజీల్లో చూసి చీటీ మీద రాసి పెట్టుకో. 1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు దాన్ని తెలుగులోనే రాశారు.

• "భారతదేశం నా మాతృభూమి" అన్నాక ఆగు. వెనక వరుసల వాళ్లు కూడా పలికేదాకా రెండో వాక్యం ఎత్తుకోకు. టెన్షన్‌లో చాలామంది తడబడేది ఇక్కడే. అమ్మనో తమ్ముడినో వెంట చెప్పమని ఇంట్లోనే గట్టిగా ప్రాక్టీస్ చెయ్యి.

• ఖాళీ కడుపుతో వెళ్లకు, ఎండలో కళ్లు తిరుగుతాయి.

• మైకును పెదాలకు ఆనించకు. బెత్తెడు దూరం చాలు.

• గొంతు వణికితే వణకనీ, ఆపకు. మరీ భయంగా ఉంటే బెల్ కొట్టకముందే టీచర్‌కు చెప్పి, ఫ్రెండ్‌ని పక్కన నిలబెట్టుకో. అలా అడగడంలో తప్పేం లేదు.