రాత్రంతా వెలిగే బయటి లైటు: తప్పు ఎక్కడుంది, ఏం చేయాలి

50 వాట్ల ఫ్లడ్‌లైటు రోజూ 12 గంటలు వెలిగితే నెలకు 18 యూనిట్లు కాలుతుంది. మనిషి వచ్చినప్పుడే వెలుగుతూ రాత్రికి మొత్తం ఒక గంట పనిచేస్తే ఒకటిన్నర యూనిట్లు చాలు. అందుకే బల్బు మార్చే ముందు సెన్సర్, టైమర్ సరిగ్గా ఉన్నాయో లేదో చూడమంటాను. వైరింగ్ ముట్టుకునే ముందు మెయిన్ ఆపడం మరవకండి.

సమస్య: చీకటి పడగానే లైటు వెలుగుతుంది, ఆరుతుంది, మళ్లీ వెలుగుతుంది

కారణం: ఫోటోసెల్, అంటే వెలుతురుని బట్టి లైటు వేసి ఆర్పే సెన్సర్, తన లైటునే చూస్తోంది. లైటు వెలగగానే తెల్లవారిందనుకుని ఆర్పేస్తుంది, చీకటి కాగానే మళ్లీ వెలిగిస్తుంది. మా వరండాలో సెన్సర్ లైటు వెనకే ఉంది కదా అని నేను దాన్ని అనుమానించలేదు. తీరా చూస్తే ఎదురుగా ఉన్న తెల్లగోడ మీద పడిన వెలుతురు తిరిగొచ్చి సెన్సర్‌కి తగులుతోంది.

పరిష్కారం: సెన్సర్ కన్ను ఆకాశం వైపు ఉండేలా, ఏ లైటూ పడకుండా తిప్పండి.

సమస్య: పట్టపగలు కూడా వెలుగుతోంది

సెన్సర్ మీద దుమ్ము పట్టి ఉంటుంది, లేదా అది చూరు నీడలో ఉంటుంది. తుడిచి చూడండి. తుడిచాక దాని మీద టార్చి వేసి ఒకటి రెండు నిమిషాలు ఆగండి. అప్పటికీ లైటు ఆరకపోతే సెన్సర్ మార్చాల్సిందే.

సమస్య: ఎవరూ లేకపోయినా మోషన్ సెన్సర్ లైటు వెలుగుతోంది

ఎక్కువమంది విసిగిపోయి సెన్సర్ పీకేసేది ఇక్కడే. ఆ పని చేయకండి, ఇది సరిచేయగలిగేదే. ఈ లైట్లలో ఉండే పీఐఆర్ రకం మోషన్ సెన్సర్ చూసేది మనిషిని కాదు, కదిలే వేడిని. ఏసీ బయటి యూనిట్ వదిలే వేడిగాలి, ఎండకి కాగి గాలికి ఊగే కొమ్మలు, గేటు అవతల వెళ్లే కార్లు, పిల్లులు అన్నీ దానికి ఒకటే.

సెన్సర్‌ని కొంచెం కిందికి వంచండి. రోడ్డు కనబడే వైపు లెన్స్ మీద చిన్న నల్లటేపు ముక్క అతికించండి. చాలావాటికి అడుగున మూడు నాబ్‌లు ఉంటాయి: దూరం, సమయం, వెలుతురు. పరీక్షించేటప్పుడు సమయం నాబ్‌ని కనిష్ఠానికి, వెలుతురు నాబ్‌ని సూర్యుడి బొమ్మ వైపుకి తిప్పి, అటూ ఇటూ నడుస్తూ దూరం తగ్గించుకుంటూ రండి. తర్వాత వెలుతురు నాబ్‌ని చంద్రుడి బొమ్మ వైపుకి మార్చండి, లేకపోతే పగలు కూడా వెలుగుతుంది. సమయం రెండు మూడు నిమిషాలు చాలు.

సమస్య: బాగా దగ్గరికి వస్తేగానీ వెలగదు

మనం సెన్సర్‌కి ఎదురుగా నేరుగా నడిచి వస్తున్నాం. అడ్డంగా దాటే కదలికనే అది బాగా పడుతుంది. దారికి పక్కగా బిగించండి. బాగా వేడిగా ఉన్న రాత్రుల్లో ఒంటి వేడికీ గాలి వేడికీ తేడా తగ్గి, దాని చూపు కూడా తగ్గుతుంది. అది పాడైనట్టు కాదు.

సమస్య: టైమర్ వేళ తప్పుతోంది

సూర్యాస్తమయం ఏడాది పొడవునా మారుతుంది, మామూలు టైమర్‌కి అది తెలియదు. ఊరి అక్షాంశ, రేఖాంశాలను బట్టి సూర్యాస్తమయం లెక్కగట్టే ఆస్ట్రో టైమర్ తీసుకోండి. కరెంటు పోయినా గడియారం నిలిచేలా లోపల బ్యాటరీ ఉన్నదైతే మేలు.

సమస్య: అన్నీ బాగానే ఉన్నా పక్కింటి కిటికీలో వెలుతురు పడుతోంది

దీన్ని ఏ సెన్సరూ బాగుచేయదు. లైటుకి పైనా పక్కలా మూత ఉండాలి, వెలుతురు నేల మీదే పడాలి. తెల్లటి బల్బు తీసి 2700 కెల్విన్ (వెలుతురు రంగుని చెప్పే కొలత) పసుపు వెలుతురు బల్బు పెట్టండి. నీలి వెలుతురు తగ్గితే ఆకాశంలో చెదిరే కాంతి తగ్గుతుంది, పురుగులూ తక్కువ ముసురుతాయి. రాత్రి ఒకసారి పక్కింటి వైపు గోడ దగ్గర నిలబడి చూడండి. బల్బు నేరుగా కంట్లో పడుతుంటే ఇంకాస్త వంచాలి.