బల్లి భయం పోగొట్టుకోవడం ఎలా?

ట్యూబ్‌లైట్ వెనక నుంచి తోక కొస కనిపిస్తే చాలు, కొందరు ఆ రాత్రి ఆ గదిలో పడుకోరు. బాత్రూమ్ గోడ మీద బల్లి ఉంటే, ఎవరో ఒకరు చీపురు పట్టుకొచ్చేదాకా స్నానం ఆగిపోతుంది. చిన్నప్పటి నుంచీ ఉన్న భయం కదా, ఇక పోదులే అనుకుంటారు. పోతుంది. ఇలా ఒక్కదాని మీదే ఉండే భయాలు చికిత్సకు బాగా లొంగుతాయి. కుక్క, బొద్దింక, లిఫ్టు, దేనికైనా దారి దాదాపు ఇదే. మన ఇళ్లలో బల్లికి ఉన్నంత పేరు వేరే దేనికీ లేదు కాబట్టి దాన్నే తీసుకుందాం.

బల్లిని చూడగానే గుండె దడదడలాడుతుంది. గదిలోంచి పరుగెత్తగానే హాయిగా ఉంటుంది. అసలు చిక్కు ఆ హాయిలోనే ఉంది. పారిపోయాను కాబట్టే బతికాను అని మెదడు లెక్క వేసుకుంటుంది, ఈసారి ఇంకాస్త ముందే పరుగెత్తిస్తుంది. అక్కడే నిలబడితే ఆ దడ దానంతటదే దిగేదని తెలిసే అవకాశం ఎన్నేళ్లయినా రాదు.

కాబట్టి చేయాల్సింది పారిపోకుండా ఉండడం. అలాగని ఒక్కసారిగా కాదు. అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కుందేలంటే హడలిపోయే ఒక పసివాడి భయాన్ని పోగొట్టి, ఆ వివరాలను 1924లో ప్రచురించారు. వాడు తనకిష్టమైనది తింటుంటే కుందేలును దూరంగా ఉంచి, మెల్లమెల్లగా దగ్గరికి జరుపుతూ వచ్చారు. చివరికి వాడు దాన్ని చేత్తో నిమిరాడు. తర్వాత పద్ధతులు ఎన్ని మెరుగుపడినా, కొంచెం కొంచెంగా దగ్గరికి వెళ్లడమన్నది మారలేదు.

1. మెట్లు రాసుకోండి

ఒక కాగితం మీద బల్లికి సంబంధించిన పరిస్థితులన్నీ రాసి, ఒక్కోదానికి 0 నుంచి 100 వరకు భయం మార్కులు వేయండి. ఉదాహరణకు ఇలా ఉండొచ్చు: పెన్సిల్‌తో బల్లి బొమ్మ గీయడం 15. ఫోన్‌లో ఫొటో చూడడం 30. కదిలే వీడియో, కిచకిచ శబ్దంతో సహా, 45. రబ్బరు బల్లిని అరచేతిలో పెట్టుకోవడం 50. గోడ మీద బల్లి ఉన్న గది గుమ్మంలో నిలబడడం 65. అదే గదిలో కుర్చీ వేసుకుని కూర్చోవడం 80. చీపురుతో మీరే దాన్ని కిటికీలోంచి బయటికి తోలడం 95.

మీ మార్కులు మీవే. ఫొటో కన్నా రబ్బరు బల్లి తేలిక అనిపిస్తే అదే ముందు పెట్టుకోండి. చివరి మెట్టు మీ బతుక్కి పనికొచ్చేది అయితే చాలు, బల్లిని చేత్తో పట్టుకోవాల్సిన పనేమీ లేదు.

2. ఏమవుతుందనుకుంటున్నారో ముందే రాయండి

చాలామంది వదిలేసేది ఇదే, నా దృష్టిలో అసలు పని చేసేదీ ఇదే. మెట్టు ఎక్కే ముందు ‘గదిలో పది నిమిషాలు కూర్చుంటే బల్లి నా మీదికి దూకుతుంది’, ‘నాకు కళ్లు తిరిగి పడిపోతాను’ అని ఉన్నదున్నట్టు రాయండి. అయ్యాక పక్కనే జరిగింది రాయండి. ‘బల్లి లైటు దగ్గర పురుగును పట్టింది. నాకు చెమటలు పట్టాయి. పడిపోలేదు.’ ఎవరెంత ధైర్యం చెప్పినా ఎక్కని మాట, మన చేత్తో రాసుకున్న రెండు వరుసలు చూస్తే ఎక్కుతుంది.

బల్లి గురించి కాస్త తెలుసుకోవడమూ మంచిదే. మన ఇంటి గోడ బల్లికి విషం లేదు. లైటు చుట్టూ చేరే పురుగుల కోసమే సాయంత్రం అక్కడికి వస్తుంది. తోక తెగి గిలగిల కొట్టుకుంటుంటే మనకు ఒళ్లు జలదరిస్తుంది గానీ, అది శత్రువు చూపు తోక మీదికి మళ్లించి తప్పించుకునే ఉపాయం. తోక మళ్లీ మొలుస్తుంది. బల్లి పడిన కూర పారబోయాల్సిందే, దాని ఒంటి మీద, రెట్టలో రోగక్రిములు ఉంటాయి కాబట్టి.

ఇక పంచాంగంలో బల్లిపాటు ఫలితాలు. తల మీద పడితే ఇది, భుజం మీద పడితే అది అని విని పెరిగినవాళ్లకు భయం సగం అక్కడిదే. నమ్మకం ఉంటే కంచి వరదరాజస్వామి గుడిలో బంగారు బల్లిని ముట్టుకుని రండి, ఎవరూ కాదనరు. కానీ ఆ పేజీ తెరవడానికి కూడా చేయి వణికితే, దాన్ని నింపాదిగా చదవడమూ ఒక మెట్టుగా రాసుకోండి.

3. మెట్టు మీద నిలబడండి

రోజూ ఒక సమయం పెట్టుకోండి. వారానికోసారి చేస్తే ప్రతిసారీ మొదటికొస్తుంది. మొదలుపెట్టినప్పుడు భయం 60 ఉంటే, సగానికి దిగేదాకా కదలొద్దు. అరగంట పట్టొచ్చు, ఇంకా ఎక్కువ కూడా పట్టొచ్చు. చూపు తిప్పుకోవద్దు, దేవుడి పేరు గబగబా జపించడం, ఫోన్ చూసుకోవడం కూడా వద్దు. అవి కూడా పారిపోవడమే, కాకపోతే కూర్చున్న చోటే. అదే మెట్టు మళ్లీ మళ్లీ చేసి, విసుగు పుట్టాక పైకి వెళ్లండి.

4. అండలు తీసేయండి

గోడకు పెట్టిన కోడిగుడ్డు పెంకులు, నెమలి ఈక, చేతిలో టార్చి, సగం తెరిచిన తలుపు, పక్కన నిలబడ్డ భర్త. ఒక్కోసారి ఒక్కోటి తీసేస్తూ రండి. లేకపోతే ‘ఆయన ఉన్నారు కాబట్టి సరిపోయింది’ అని మెదడు మళ్లీ పాత పాటే పాడుతుంది.

ఇంట్లోవాళ్లకో మాట. సరదాకి రబ్బరు బల్లి మీద పడేసేవాళ్లు ఉంటారు. దాంతో భయం ముదురుతుంది, పైగా మీ మీద నమ్మకమూ పోతుంది. అలాగని పిలిచినప్పుడల్లా చీపురుతో పరుగెత్తడం కూడా సాయం కాదు. ఆ రోజు ఏ మెట్టు మీద ఉన్నారో అడిగి, అంతవరకే తోడు నిలవండి.

వీళ్లకు మాత్రం వేరు

రక్తం, సూది చూస్తే నిజంగానే కళ్లు తిరిగి పడిపోయేవాళ్లు ఉంటారు. వాళ్లకు బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. వాళ్లు ఒళ్లు వదులు చేయకూడదు, బిగించాలి. చేతులు, కాళ్లు, పొట్ట కండరాలను 10 నుంచి 15 సెకన్లు, ముఖం వెచ్చబడేదాకా బిగపట్టి, 20, 30 సెకన్లు మామూలుగా వదలాలి. ఇలా ఐదుసార్లు. స్వీడన్‌కు చెందిన లార్స్ యోరన్ ఓస్ట్ ఈ పద్ధతికి రూపమిచ్చారు. సూది వేసే నర్సుకు ముందే చెప్పి, పడుకుని వేయించుకోవడం మేలు. బిగించిన చేతికి సూది వేయించుకోకండి, ఆ చేయి మాత్రం వదులుగా ఉంచండి.

భయం వల్ల ఉద్యోగం, చదువు, ప్రయాణాలు ఆగిపోతుంటే, గుండె జబ్బు ఉంటే, లేదా మొదటి మెట్టుకే ఊపిరాడనంత టెన్షన్ వస్తుంటే ఒంటరిగా చేయకండి. సైకాలజిస్టు దగ్గర ఇవే మెట్లు ఇంకా త్వరగా ఎక్కొచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు.

చలికాలంలో బల్లులు అంతగా కనపడవు. ఎండలు ముదిరి మళ్లీ గోడలెక్కినప్పుడు పాత దడ కాస్త తిరిగి రావచ్చు. రెండు మెట్లు కిందికి దిగి, నాలుగు రోజులు మళ్లీ చేయండి. ఆ వీడియోలు ఫోన్‌లోంచి తీసేయకండి.