వంశధార మొగలో ఏయూవీ దింపేముందు

ఏయూవీ అంటే నీటి కింద మనిషి లేకుండా తనంతట తానే తిరిగే వాహనం. దాని మాడ్యూళ్లు (విడి భాగాలు) కళింగపట్నం ఇసుకలో విప్పకండి, గదిలోనే బిగించి తెండి. ఓ-రింగును (అతుకులో నీరు చొరకుండా వేసే రబ్బరు వలయాన్ని) వేలికొసతో తడమండి: ఒక్క వెంట్రుక చాలు, నీరు దూరడానికి. సిలికాన్ గ్రీజు మెరిసేంతే పూయాలి. ఎక్కువైతే ఇసుకను పట్టేస్తుంది. లోపలి గాలి లాగేసి (వాక్యూమ్ పెట్టి) గేజి ముల్లు కదులుతుందేమో 15 నిమిషాలు చూడండి, నీడలోనే. ఎండలో లోపలి గాలి వేడెక్కి ముల్లు దానంతటదే కదులుతుంది, లీకేమోనని ఊరికే విప్పుకుంటారు.

అసలు చిక్కు తేలుడుది. సముద్రపు నీరు లీటరు సుమారు 1.025 కిలోలు, ఏటినీరు 1 కిలో. సముద్రానికి సరిచేసిన 40 లీటర్ల వాహనం మంచినీటి పొరలోకి వెళ్తే కిలో బరువెక్కినట్టే, మునుగుతుంది. వరద రోజుల్లో మరీను. దింపేచోటే తాడు కట్టి తూకం చూడండి.

బ్యాటరీ మాడ్యూల్ మార్చారా? దిక్సూచి మళ్లీ కాలిబ్రేట్ చేయాలి. జీపీఎస్ నీటి కింద అందదు, పైనుండగానే ఫిక్స్ (ఉన్నచోటి గుర్తు) తీసుకోండి. వలలెక్కడున్నాయో పడవవాళ్లనే అడగాలి, మ్యాపులో ఉండవు.