బాక్స్ పైపు ట్రస్సు: వెల్డు బాగానే ఉన్నా జాయింట్ ఎందుకు చెడుతుంది?

వరంగల్ చుట్టుపక్కల వడ్ల మిల్లులకు, పత్తి గోదాములకు బాక్స్ పైపు ట్రస్సులు (నాలుగు పలకల ఇనుప పైపులను వెల్డు చేసి కట్టిన, పైకప్పును మోసే చట్రాలు) బాగా వాడుతున్నారు. వీటి జాయింట్లలో పెద్ద పైపు ముఖం మీద చిన్న పైపు కొసను ఆనించి వెల్డు చేస్తారు. ఎండాకాలం గాలిదుమారం రేకుల్ని పైకి లేపుతుంది, అప్పుడు నొక్కుడు పడే పైపుల మీద లాగుడు పడుతుంది. గాలి తగ్గాక నిచ్చెన వేసుకుని జాయింట్లు చూడాల్సిందే.

సమస్య: వెల్డు చెక్కుచెదరలేదు, కానీ పెద్ద పైపు ముఖం నొక్కుకుపోయింది లేదా ఉబ్బింది

ముఖం మీద స్కేలు అడ్డంగా పెడితే కింద వెలుతురు కనిపిస్తుంది. వెంటనే వెల్డు మీద ఇంకో రన్ (వరుస) వేయిస్తారు. దానివల్ల లాభం లేదు. ఓడిపోయింది వెల్డు కాదు, పెద్ద పైపు గోడ. చిన్న పైపు ఆ గోడ మధ్యలో ఆనుతుంది, వెనకంతా ఖాళీ.

310 మెగాపాస్కల్ దగ్గర లొంగే ఉక్కుతో 100×100×3 పైపు (కొలతలు మి.మీ.లో, చివరిది గోడ మందం) మీద నిటారుగా 50×50×3 పైపు ఉందనుకుందాం. చిన్న పైపు ఒక్కటే దాదాపు 17 టన్నులు లాగగలదు. పెద్ద పైపు ముఖం మాత్రం సుమారు 2 టన్నులకే లొంగుతుంది. ఈ బలం గోడ మందం వర్గంతో (మందం × మందం) పెరుగుతుంది, అందుకే 4 మి.మీ. గోడకు దాదాపు 4 టన్నులు వస్తుంది. చిన్న పైపును 80×80 చేస్తే 3 మి.మీ. గోడతోనే 4 టన్నులు దాటుతుంది. ఇవన్నీ భద్రతా గుణకం వేయని లెక్కలు. షెడ్డు కొటేషన్‌లో కిలో రేటు కన్నా ముందు మందం రాయించుకోవాలనేది ఇందుకే. సరుకు దిగాక వెర్నియర్‌తో కొలవండి.

పరిష్కారం: ముందు ట్రస్సు కింద సపోర్టులు పెట్టి బరువు దించండి. చిన్న పైపును కోసి, పెద్ద పైపు ముఖం వెడల్పుకు దాదాపు సరిపోయే ప్లేటు పెట్టి నాలుగు అంచులూ వెల్డు చేసి, దానిమీద చిన్న పైపును మళ్లీ అతికించాలి. అప్పుడు బలం పక్క గోడలకు చేరుతుంది. ప్లేటు మందం స్ట్రక్చరల్ ఇంజనీరే లెక్క కట్టాలి. నొక్కు లోతుగా ఉంటే ఆ ముక్క మార్చడమే మంచిది.

సమస్య: చిన్న పైపు మూల దగ్గర వెల్డులో వెంట్రుకంత పగులు

చుట్టూ వేసిన వెల్డు మొత్తం సమానంగా పనిచేయదు. ముఖం మధ్యలో వంగుతుంది కాబట్టి బలమంతా పక్క గోడలకు దగ్గరగా ఉన్న మూలలకు పోతుంది. రాడ్ మొదలుపెట్టడం, ఆపడం కూడా అక్కడే చేస్తే పగులుకు దారి మనమే ఇచ్చినట్టు. పగులును పైపైన కప్పేయకండి. గ్రైండర్‌తో పూర్తిగా తీసేసి, డై పెనిట్రెంట్‌తో (పగులును చూపించే రంగు ద్రవంతో) చూసి, ఆరబెట్టిన 7018 రాడ్‌తో (తక్కువ హైడ్రోజన్ వెల్డింగ్ రాడ్) వేయించండి. మొదలూ ముగింపూ పక్కల మధ్యలో ఉండాలి, మూల దగ్గర ఆగకుండా తిరగాలి.

సమస్య: వెల్డు పొరలా ఊడింది, కింద పైపు నున్నగా ఉంది

లోహం కరిగి కలవలేదు. పెయింటు, జింకు పూత, లేదా సందులో రాడ్ ముక్కలు కుక్కి పైన కప్పేయడం కారణం కావచ్చు. పైపు కొసను కచ్చితంగా కోసి, అంచులు గ్రైండ్ చేసి మళ్లీ వేయాలి. జింకు పొగ జ్వరం తెప్పిస్తుంది, గాలి ఆడే చోట చేయండి.

పైపులోంచి తుప్పునీరు కారుతుంటే తెరిచి ఉన్న కొస వెతికి క్యాప్ వెల్డు చేయండి. గాల్వనైజింగ్‌కు (జింకు పూతకు) పంపే పైపుకు మాత్రం గాలి రంధ్రాలు తప్పనిసరి. మూసేసిన పైపు జింకు తొట్టిలో పేలుతుంది.